డిజిటల్ సర్టిఫికెట్ల జారీలో దోషాల సవరణ

ఒక సంస్థ తన అంతర్గత కంప్యూటర్ల కొరకు స్వయంగా డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసుకొనే ఏర్పాటును ప్రైవేటు సర్టిఫికెట్ అథారిటీ అంటారు. ఇందుకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటి ఉచిత సాఫ్టువేరు ఉపయోగపడుతుంది.

దోషాలు

సర్టిఫికెట్‌పై అథారిటీ యొక్క డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు. కనుక పేరు గానీ, గడువు గానీ తప్పుగా నమోదైతే దిద్దుటకు వీలులేదు; పాతదానిని రద్దు చేసి కొత్తది జారీ చేయవలెను. సర్వరు పేరును ప్రత్యామ్నాయ నామాలలో చేర్చకపోవడం తరచుగా జరిగే పొరపాటు. 2017లో వెలువడిన క్రోమ్ 58 నుండి ఆ బ్రౌజరు సర్వరు పేరును ఆ నామాలలోనే వెదకుతుంది.

సవరణ విధానం

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ జారీ వివరాలను ఒక పట్టికలో నమోదు చేస్తుంది. చెల్లుబాటులో ఉన్నవాటికి 'వి', రద్దయినవాటికి 'ఆర్', గడువు తీరినవాటికి 'ఇ' అనేవి గుర్తులు. మామూలు అమరికలో ఒకే పేరుతో చెల్లుబాటయ్యే రెండు సర్టిఫికెట్లను ఇది అనుమతించదు. అందుచేత ముందు రద్దు, తరువాత జారీ. ఆ వరుసను పట్టిక నుండి చేతితో తొలగించరాదు. తొలగిస్తే ఆ సర్టిఫికెట్ రద్దు జాబితాకు ఎక్కక, గడువు తీరేవరకు చెల్లుతూనే ఉంటుంది.

రద్దు జాబితా

రద్దు చేసిన పిదప జాబితాను మరల తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచవలెను. దానిని పరిశీలించని కంప్యూటరు పాత సర్టిఫికెట్‌నే నమ్ముతుంది. సర్వరు రహస్య కీ బయటపడితే కొత్త కీల జతతోనే మరల జారీ చేయాలి. మూల అథారిటీ కీయే బయటపడితే రద్దు జాబితా రక్షించలేదు. ప్రతి కంప్యూటరు నుండి ఆ మూల సర్టిఫికెట్‌ను తొలగించడమే మార్గం.