నీళ్లలో గేదె బేరం

“సింగిల్ ఓనర్. తొమ్మిది వేలు తిరిగింది. షోరూమ్ కండిషన్. ఊరు మారుతున్నాం, అందుకే అమ్మకం.” పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్రకటనలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పెట్రోలు బండికైతే ఈ నాలుగు ముక్కలూ కొంత పనికొచ్చే సమాచారమే. ఎలక్ట్రిక్ బండి విషయంలో మాత్రం వీటితో తేలేది తక్కువ. తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగినదానికంటే పాతిక వేలు తిరిగిన బండే మేలు కావచ్చు. ఒక్కరే వాడారంటే బాగా వాడారని అర్థం కాదు. ఇక కండిషన్ అంటారా, ఫుట్‌బోర్డు కిందో సీటు కిందో సీలు వేసి పెట్టిన పెట్టెలో ఏం జరుగుతోందో పైనుంచి చూసి చెప్పగలిగిన మెకానిక్ లేడు. నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడటమని పెద్దలన్నది ఇలాంటి వ్యవహారాన్నే.

అయినా ఈ బేరం మానుకోమని చెప్పబోవడం లేదు. గేదెను గట్టుకు తోలుకొచ్చి చూసే మార్గాలు కొన్ని ఉన్నాయి.

ముందు, ఇన్ని బండ్లు ఒక్కసారిగా అమ్మకానికి ఎందుకు వస్తున్నాయో చూద్దాం. 2021 జూన్‌లో కేంద్రం ఫేమ్-2 పథకం కింద ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల రాయితీని కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలకు, ధరలో 40 శాతం వరకు పెంచింది. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్టే. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న బండికి 45,000 దాకా రాయితీ దక్కిందన్నమాట. 2023 జూన్ 1 నుంచి అది 10,000కు, 15 శాతానికి తగ్గిపోయింది. ఆ రెండేళ్ల హడావుడిలో కొన్న బండ్లకు ఇప్పుడు మూడేళ్ల వారంటీ తీరిపోయింది, ఫైనాన్స్ వాయిదాలూ అయిపోయాయి. అమ్మకందారుకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. అతను ‘లక్షా అరవై పెట్టి కొన్నా’ అంటే వెంటనే తలూపకండి, రాయితీ పోగా చేతి నుంచి ఎంత కట్టాడో ఇన్‌వాయిస్ చూపించమనండి. బేరం మొదలవ్వాల్సింది ఆ అంకె దగ్గర.

నూరు శాతం దేనికి?

పాత ఎలక్ట్రిక్ బండి కొంటున్నామంటే నిజానికి పాత బ్యాటరీని కొంటున్నాం. మోటారులో అరిగే భాగాలు బేరింగుల వంటివి కొన్నే. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ ఏ వీధి చివర షాపులోనైనా బాగవుతాయి. బ్యాటరీ అలా కాదు. మూడు యూనిట్ల లిథియం ప్యాక్ కొత్తది వేయించాలంటే అర లక్ష పైమాటే. పైగా బండితో కలిపి కొంటే 5 శాతమే ఉన్న జీఎస్టీ, బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం.

ఈ బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది. ఛార్జింగ్ ఎక్కించి దించిన ప్రతిసారీ కొంత, ఊరికే కాలం గడిచినందుకు కొంత. రెండోది చాలామందికి తట్టదు. మే నెలలో రేకుల షెడ్డులో నూరు శాతం ఛార్జింగ్‌తో వారాల తరబడి నిలబెట్టిన బండి, రోజూ తిరిగిన బండికంటే ఎక్కువ నష్టపోవచ్చు. నిండుగా ఉన్న లిథియం సెల్‌కు వేడే పెద్ద శత్రువు. పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి వదిలేస్తే ఇంకో రకం నష్టం. అందుకే ‘మా నాన్నగారు వాడేవారు, ఎక్కువ తిప్పలేదు’ అనే మాట వినగానే పొంగిపోనక్కర్లేదు. రామగుండంలోనో రెంటచింతలలోనో నాలుగు వేసవులు ఎండలో నిలబడిన బండి, తిరక్కపోయినా నాలుగేళ్లదే.

ఛార్జింగ్ చూపించే అంకె ఇంకా పెద్ద మాయ. బ్యాటరీ సామర్థ్యం మూడు యూనిట్ల నుంచి రెండుంపావుకు పడిపోయినా, ఫుల్ ఛార్జింగ్ పెడితే తెర మీద నూరు శాతమనే వస్తుంది. ఆ నూరు, మిగిలిన సామర్థ్యంలో నూరు. తెర మీద చూపించే ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది’ అన్న అంకె సైతం అంచనాయే.

“అన్నా, ఫుల్ ఛార్జింగ్‌కు ఎంతొస్తది?”

“ఎనభై తమ్మీ, కండ్లు మూసుకొని.”

పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీల దగ్గర రోజూ జరిగే సంభాషణ ఇది. ఏ మోడ్‌లో, ఎంత వేగంతో, ఎంతమంది ఎక్కితే అన్న ప్రశ్నలు రెండువైపులా ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తమ్ముడు నిజంగానే కళ్లు మూసుకుని కొనేస్తాడు.

అబద్ధమాడనిది మన ఇంటి గోడకున్న కరెంటు మీటరు. బండిని 20 శాతానికి తెచ్చి, అక్కడి నుంచి నూరు దాకా ఎక్కిస్తూ ఎన్ని యూనిట్లు పోయాయో కొలవండి. ప్లగ్గుకూ ఛార్జర్‌కూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్లు దొరుకుతాయి. అదీ లేకపోతే మిగతా స్విచ్చులన్నీ ఆపేసి ఇంటి మీటరు రీడింగే రాసుకోవచ్చు. మూడు యూనిట్ల బ్యాటరీలో 80 శాతమంటే 2.4. ఛార్జర్‌లో వేడిగా పోయేది పదో పదిహేనో శాతం కలిపితే దాదాపు 2.7 యూనిట్లు ఎక్కాలి. రెండే ఎక్కి నిండిందంటే ఆ బ్యాటరీ ముప్పావు వంతుకు పడిపోయినట్టు. కంపెనీలు కొంత సామర్థ్యాన్ని వాడనివ్వకుండా అట్టేపెడతాయి కాబట్టి, లెక్కకు మొత్తం సామర్థ్యాన్ని కాకుండా వాడుకోదగ్గ సామర్థ్యాన్ని తీసుకోవాలి. ఇందుకు నాలుగైదు గంటలు పడుతుంది. అమ్మేవాళ్లు విసుక్కుంటారు. అర లక్ష ఖర్చుపెట్టే మనిషికి ఆ మాత్రం విసుగు తెప్పించే హక్కుంది. ససేమిరా అన్నవాళ్ల బండిని నేనైతే వదిలేస్తాను.

రెండో పరీక్ష రోడ్డు మీద. నూరు శాతంతో బయల్దేరి ఒకే మోడ్‌లో నడుపుతూ మొదటి ముప్పై శాతానికి ఎంత దూరం వచ్చిందో, ఆ తర్వాతి ముప్పైకి ఎంత వచ్చిందో రాసుకోండి. రెండోది మరీ తగ్గితే అనుమానించాలి. ఛార్జింగ్ 30 దగ్గరికి వచ్చాక వెనకాల ఒకరిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కించండి. విశాఖలో సింహాచలం కొండ ఉంది, విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఉంది, హైదరాబాదులో ఫ్లైఓవర్లకు కొదవేం లేదు. ప్యాక్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. వాటిలో అన్నిటికంటే బలహీనమైనదే మొత్తం ప్యాక్ సంగతి తేలుస్తుంది. బరువు పడగానే దాని వోల్టేజీ కిందికి జారుతుంది, బ్యాటరీని కాచుకుని ఉండే బీఎంఎస్ కరెంటు తగ్గించేస్తుంది. ఎత్తు మధ్యలో బండి నీరసించినా, 30 చూపించినది చూస్తుండగానే 12కు దిగినా కారణం అదే. సర్వీసు సెంటర్లో బ్యాటరీ ఆరోగ్యం ఇంత శాతమని చెప్పే కంపెనీలూ ఉన్నాయి. ఆ కాగితం దొరికితే సంతోషమే, ఈ పరీక్షలు మాత్రం మానొద్దు.

2022 వేసవి

మన రెండు రాష్ట్రాలవాళ్లకూ బ్యాటరీ అనగానే గుర్తొచ్చేది 2022. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన మంటలు, పొగ పైనున్న హోటల్లో ఎనిమిది మంది ప్రాణాలు తీశాయి. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధన ఏఐఎస్-156ను కఠినం చేసింది. అది 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశగా అమల్లోకి వచ్చింది. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్స్‌కు పాకి ప్రమాదం కాకుండా చూడటం, బీఎంఎస్‌ను మెరుగుపరచడం అందులోని ముఖ్యాంశాలు.

కొనేవాడికి దీనివల్ల ఒక సులువైన గీటురాయి దొరికింది. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. అవి 2023 ఏప్రిల్ తర్వాతివైతే ముందుకు వెళ్లండి. అంతకుముందువైతే ధర ఎంత తక్కువైనా రెండుసార్లు ఆలోచించాలి. 2022 ఏప్రిల్‌లో మూడు కంపెనీలు కొన్ని బండ్లను వెనక్కి పిలిపించి తనిఖీ చేశాయి. అలాంటి రీకాల్ ఏదైనా ఈ బండికి వర్తించిందా, పని చేయించారా అన్నది ఛాసిస్ నంబరు చెప్పి సర్వీసు సెంటర్లో అడగొచ్చు.

‘బ్యాటరీ రీకండిషన్ చేయించాం, కొత్తదానిలా ఉంది’ అన్న మాట వినిపిస్తే అక్కడితో ఆపేయండి. ప్యాక్ విప్పి పాత సెల్స్‌లో కొన్ని తీసేసి వేరేవి కలిపితే బండి నడుస్తుంది కానీ, రాత్రి పది గంటలకు వరండాలో ఛార్జింగ్ పెట్టి నిద్రపోయే ధైర్యం రాదు. మరల మీద గీతలు, తెగిన సీలు, ఇన్‌వాయిస్‌తో సరిపోలని సీరియల్ నంబరు దీనికి ఆనవాళ్లు.

నీటి సంగతీ చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లకు ఇళ్లే రోజుల తరబడి నీటిలో ఉన్నాయి, బండ్లు కూడా. ఐపీ67 అన్న గుర్తు ఉంటే నీళ్లేం చేయవని చాలామంది నమ్మకం. మీటరు లోతులో అరగంట సేపు తట్టుకోవడమే దాని అర్థం. సీటు కింద మూలల్లో ఎండిన బురద, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే, అమ్మే మనిషి ఎంత మర్యాదస్థుడైనా నమస్కారం పెట్టి వచ్చేయాలి.

రూపాయి లెక్క

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. లీటరుకు 45 ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కు, లీటరు 108 అనుకుంటే నెలకు 2,400. ఎలక్ట్రిక్‌కు 38 యూనిట్లు, యూనిట్ ఎనిమిది వేసుకున్నా మూడొందలు. మిగులు 2,100, ఏడాదికి పాతికవేలు. యాభై వేలకు కొన్న బండి బ్యాటరీ రెండేళ్లు బతికితే పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. ఆరు నెలల్లో చచ్చిపోతే మిగిలింది పన్నెండు వేలు, నెత్తిన పడింది ఇంకో అర లక్ష. బ్యాటరీ పోయిన బండిని మళ్లీ అమ్ముకుందామంటే పాత ఇనుము ధరే పలుకుతుంది. అందుకే వారంటీ తీరిన బండికి, ఏడాదిన్నరలో మిగిలే పెట్రోలు డబ్బు కంటే పైసా ఎక్కువ ఇవ్వకూడదన్నది నా లెక్క. పైన చెప్పిన మనిషికి అది 38 వేలు.

రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నెలకు మిగిలేది ఆరొందల చిల్లర. అటు బ్యాటరీ మాత్రం కాలంతో పాటు అరుగుతూనే ఉంటుంది. వీళ్లకు పాత ఎలక్ట్రిక్ బండి దండగ. మరీ ఎక్కువ తిరిగేవాళ్లకు రేంజ్ చాలదు. కొత్తలో తొంభై ఇచ్చిన బ్యాటరీ ముప్పావు వంతుకు పడితే 67 వస్తుంది. అడుగు దాకా పిండకుండా ఆపితే యాభై పైచిలుకు. రోజూ నలభై, ఒకే దారి, ఇంట్లోనే ఛార్జింగ్ ఉన్నవాళ్లకు సరిగ్గా సరిపోయే సరుకు ఇది. నాలుగో అంతస్తులో ఉంటూ పార్కింగ్‌లో ప్లగ్గు లేనివాళ్లయితే, విడా వీ1లాగా బ్యాటరీ తీసి పైకి మోసుకెళ్లగలిగేవి తప్ప మిగతావి చూడటమే అనవసరం.

కొత్త బండి ధరతో పోల్చి చూడటమూ మరవొద్దు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తూ 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చారు. దాని గడువు 2026 డిసెంబరు 31. 2024 ఫిబ్రవరిలో ఓలా, 2025 జనవరిలో ఏథర్ ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్ల బ్యాటరీ వారంటీని ప్రకటించాయి. ఏథర్‌ది డబ్బు కట్టి తీసుకునేది. అలాంటి వారంటీ మీ పేరుకు మారుతుందని కంపెనీ రాసిచ్చే పాత బండికి నా లెక్క కంటే పదో పదిహేను వేలో ఎక్కువ పెట్టినా తప్పులేదు.

కంపెనీ బతికుందా అన్నది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఒకప్పుడు అమ్మకాల్లో దేశంలోనే ముందున్న హీరో ఎలక్ట్రిక్ 2024 డిసెంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంట్రోలరో డిస్‌ప్లేనో పోతే ఊళ్లో మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు. సర్వీసు సెంటరు మీ ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే, చెడిపోయిన బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరడానికి సిద్ధపడాలి.

గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లలోపు మోటారుండే చిన్న బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమ్మేవాళ్లకు అదో సదుపాయం, కొనేవాళ్లకు అదే చిక్కు. ఆర్‌సీ లేదు కాబట్టి బండి ఎవరిదో తేల్చేది మొదటి ఇన్‌వాయిస్ ఒక్కటే. వేగం పెంచడానికి ఏమైనా మార్చారంటే అది చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనమైపోతుంది.

ఆర్‌సీ ఉన్న బండికి ఫారం 29, 30. వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 ఎన్‌వోసీ, ఫైనాన్స్ ఉంటే ఫారం 35. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న వ్యక్తే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది కాబట్టి, పేరు మార్పు అమ్మినవాళ్లకే ఎక్కువ అవసరం. బీమా కూడా 14 రోజుల్లో మార్పించుకోవాలి. ఛార్జర్ బండితోపాటే ఇస్తున్నారో లేదో చూసుకోండి. 2023 దాకా కొన్ని కంపెనీలు దాన్ని విడిగా అమ్మాయి.

ఇవన్నీ అయ్యాక కూడా బండి పాత యజమాని ఫోన్‌లో బతికే ఉంటుంది. యాప్‌లో ఖాతా అతనిదే అయితే మీరు ఎక్కడికి వెళ్లారో, ఎంత వేగంతో వెళ్లారో అతనికి కనిపిస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న సాఫ్ట్‌వేర్ సదుపాయాలూ అతని ఖాతాకే అంటుకుని ఉంటాయి. కొన్ని బండ్లను ఫోన్ నుంచే లాక్ చేయొచ్చు. ఖాతా మార్పు కంపెనీ చేసిపెట్టేదాకా రోజులు పట్టొచ్చు, అమ్మినాయన అప్పటికి ఫోనెత్తడం మానేయొచ్చు. మొత్తంలో అయిదు వేలు అప్పటిదాకా మీ దగ్గరే అట్టేపెట్టుకోండి.