షిఫ్ట్ డ్యూటీ చేస్తూ డ్రాయింగ్ నేర్చుకోవచ్చా? ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉండాలంటే..

ఈ వారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా. వచ్చే వారం 2 నుంచి రాత్రి 10. ఆ పై వారం రాత్రంతా డ్యూటీ. పటాన్‌చెరు, రుద్రారం, సంగారెడ్డి బెల్ట్‌లో చాలా ఫ్యాక్టరీల్లో వాళ్ల జీవితం ఈ లెక్క మీదే నడుస్తుంది. చిన్నప్పుడు బొమ్మలు వేసిన చెయ్యి.. మళ్లీ పెన్సిల్ పట్టాలని ఉంటుంది. ఫోన్‌లో 'ఎప్పుడైనా, ఎక్కడైనా నేర్చుకోండి' అని యాడ్ కనిపిస్తుంది. డబ్బులు కడతారు. రెండు వీడియోలు చూస్తారు. తర్వాత ఆ యాప్ ఓపెన్ చేయరు.

బద్ధకం అనుకుంటే పొరపాటే. హార్వర్డ్, ఎంఐటీలు ఎడ్‌ఎక్స్‌లో పెట్టిన కోర్సుల డేటాపై 2019లో సైన్స్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. దాని ప్రకారం 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తి చేసింది నూటికి సుమారు ముగ్గురే! పాఠాలు బాగుంటే చాలదని అక్కడే తేలిపోయింది.

పోనీ కాలేజీకి వెళ్దామా అంటే.. రుద్రారంలోనే గీతం క్యాంపస్ ఉంది, కందిలో ఐఐటీ హైదరాబాద్‌కు డిజైన్ విభాగం ఉంది. కానీ అవి రెగ్యులర్ స్టూడెంట్స్ కోసం. మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ చేయాలంటే నాలుగేళ్లు కావాలి. డ్యూటీ దిగి ట్రాఫిక్ దాటుకుని సిటీలో ట్యూషన్‌కు వెళ్లడం అయ్యే పని కాదు. అందుకే ఆన్‌లైన్. అయితే ఆ కోర్సు ఎవరి టైమ్ చూసి తయారైందన్నదే ప్రశ్న.

టైమింగ్ లెక్క ఇదీ

చాలా కోర్సుల్లో లైవ్ క్లాస్ సాయంత్రం 7 గంటలకు ఉంటుంది. ఆఫీస్ ఉద్యోగికి ఓకే. మూడు షిఫ్టులు తిరిగే వ్యక్తికి మాత్రం ప్రతి మూడో వారం క్లాసు పోతుంది. అదే పాఠాన్ని పొద్దున 11కి ఒకసారి, సాయంత్రం 7:30కి ఒకసారి చెబితే? 2-10 డ్యూటీ వాళ్లు పొద్దున కూర్చుంటారు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు సాయంత్రం వస్తారు. నైట్ డ్యూటీ వాళ్లు పగలు నిద్రపోయి, డ్యూటీకి బయల్దేరే ముందు చూస్తారు. పిల్లల్ని స్కూల్‌కు పంపిన గృహిణులకూ 11 గంటలే నయం. టీచర్‌కు పని డబుల్ అవుతుంది, నిజమే. కానీ 'ఫ్లెక్సిబుల్' అని యాడ్‌లో వేసుకున్నాక ఆ మాత్రం చేయాలి కదా!

ఇంకో చిక్కు ఉంది. 4వ పాఠం రాకపోతే 5వది అర్థం కాదు అన్నట్టు కోర్సు కడితే, ఒక వారం తప్పినవాళ్లు ఇక తిరిగి రారు. వెనకబడ్డామన్న సిగ్గే సగం మందిని ఆపేస్తుంది. అందుకే ప్రతి పాఠం విడిగా నిలబడాలి. ప్రతి నాలుగో వారం కొత్త పాఠం లేకుండా ఖాళీగా వదలాలి. దసరాకో, సంక్రాంతికో ఊరెళ్లి వచ్చినవాళ్లు ఆ వారంలో అందుకుంటారు.

చాలా ప్లాంట్లలో లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి అభ్యాసం ఒక్క లైన్‌లో గుర్తుండాలి. 'టీ గ్లాసును పేపర్ చూడకుండా గీయండి'.. ఇంతే. లంచ్ బ్రేక్‌లో పాత బిల్లు వెనక కూడా చేసేయొచ్చు. 2బీ పెన్సిల్, ఒక రఫ్ బుక్ ఉంటే చాలు. మొదటి రోజే ఖరీదైన కిట్ కొనమంటే అనుమానించండి.

అసలు పెద్దవాళ్లకు ఎందుకు రాదు?

కన్ను గీయమంటే చాలామంది బాదం గింజ ఆకారం వేసి మధ్యలో చుక్క పెడతారు. ఎదురుగా ఉన్న కన్ను చూడరు, మనసులో ఉన్న గుర్తు గీస్తారు. పిల్లలకు దాంతో ఇబ్బంది లేదు. పెద్దవాళ్లకు మాత్రం అది తప్పని వెంటనే తెలిసిపోతుంది, కానీ సరిచేసేంతగా చెయ్యి కుదరదు. 'నాకు రాదు' అని పక్కన పెట్టేస్తారు.

దీనికి పాత మందులు రెండున్నాయి. అమెరికా ఆర్ట్ టీచర్ కిమన్ నికోలాయిడిస్ పుస్తకం 1941లో వచ్చింది. వస్తువు అంచు వెంట కన్ను కదులుతుంటే, పేపర్ చూడకుండా పెన్సిల్‌నూ అదే వేగంతో కదపమంటారు ఆయన. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979 నాటి పుస్తకంలో బొమ్మను తలకిందులుగా పెట్టి గీయమంటారు. తలకిందులైతే అది ముక్కా, చెవా అని పట్టించుకోం. గీతలే కనిపిస్తాయి. మొదటి పద్ధతిలో అందరి బొమ్మా వంకర టింకరగానే వస్తుంది. గ్రూప్‌లో అందరివీ అలాగే ఉంటే సిగ్గు ఎక్కడిది?

ఐటీఐ ఫిట్టర్ చదివినవాళ్లకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ ముందే తెలుసు. కొలత పట్టేస్తారు. కానీ చెయ్యి స్కేల్ కోసం వెతుకుతుంది. వాళ్లకు సేఫ్టీ షూ, హెల్మెట్, స్టీల్ టిఫిన్ బాక్స్ గీయడంతో మొదలుపెట్టిస్తే బాగుంటుంది. రోజూ చేత్తో పట్టుకునే వస్తువులు కదా. మాటలు తక్కువగా, పైనుంచి చేతిని చూపించే 5 నిమిషాల వీడియో అయితే ఈ బెల్ట్‌లో పనిచేసే ఒడిశా, బిహార్ వాళ్లకూ అర్థమవుతుంది.

బొమ్మ ఎవరు చూస్తారు?

ఫీజు కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. వీడియోలు యూట్యూబ్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. మీ గీత చూసి 'ఇక్కడ వంపు తప్పింది' అని చెప్పే మనిషికే మీరు డబ్బులిస్తున్నది.

లెక్క వేద్దాం. 25 మంది బ్యాచ్, వారానికి తలా రెండు బొమ్మలు, ఒక్కోదానికి 5 నిమిషాలు. మొత్తం 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు. ఒక టీచర్ చేయగలరు. అదే 500 మందిని చేర్చుకుంటే 83 గంటలు దాటిపోతుంది. అప్పుడు అందరికీ 'సూపర్' అనే స్టిక్కర్ మాత్రమే వస్తుంది. వాట్సాప్‌లో ఫోటో పంపితే, దాని మీదే ఎర్ర గీతతో ఒక్క తప్పు చూపించి, చిన్న వాయిస్ మెసేజ్ పెడితే సరిపోతుంది. ఒకేసారి పది తప్పులు చెబితే మర్నాడు పెన్సిల్ ముట్టరు. ఫోటో మాత్రం పగటి వెలుతురులో, ఫోన్ నీడ పడకుండా తీయండి.

రెండో ప్రశ్న: నైట్ షిఫ్టులు వరసగా పడితే కోర్సును నెల రోజులు పాజ్ చేయొచ్చా? 'లైఫ్‌టైమ్ యాక్సెస్' అంటే వీడియోలు ఎప్పటికీ ఉంటాయనే. టీచర్ ఎప్పటికీ ఉంటారని కాదు. దిద్దడం ఎన్ని నెలలో రాతపూర్వకంగా తీసుకోండి.

డ్రాయింగ్ టీచర్ ఉద్యోగమే లక్ష్యమైతే దారి వేరు. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షలు నిర్వహిస్తుంది. వాటి సిలబస్ వేరు, ఫీజు వేరు. ప్రైవేట్ ఆన్‌లైన్ కోర్సు ఇచ్చే పీడీఎఫ్ సర్టిఫికెట్ వాటికి బదులు కాదు.