కర్మ కాదు, నీళ్లు

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో ఎందరికో కాళ్లు వంకర పోయాయి. నడుములు వంగిపోయాయి. కొందరు కర్మ అన్నారు. కర్మ కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు చెడతాయి.

ఉన్నవాళ్లు మంచినీళ్లు కొనుక్కోగలరు. లేనివాళ్లకు ఆ నీళ్లే గతి. తిండి చాలని పిల్లలకు ఎముకలు ఇంకా తొందరగా వంగుతాయి.

నడుము వంగిన మనిషిని కూలికి ఎవరు పిలుస్తారు? కూలి లేకపోతే అప్పు చేయాలి. ఆ మనిషిని చూసుకోవడానికి ఇల్లాలు పని మానాలి. ఆడపిల్ల బడి మానాలి. పేదరికం అవిటితనాన్ని తెస్తుంది. అవిటితనం పేదరికాన్ని పెంచుతుంది.

ప్రపంచమంతా ఇంతే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. ప్రతి ఆరుగురిలో ఒకరు వికలాంగులు. మొత్తం 130 కోట్ల మంది. వారిలో ఎక్కువమంది ధనిక దేశాల వాళ్లు కాదు.

మర్రిగూడ వైపు ఊళ్లకు ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి. కొత్తగా జబ్బు పడేవాళ్లు తగ్గారు. కాని వంగిన ఎముక మళ్లీ నిటారుగా కాదు. వాళ్లు ఎలా బతకాలి?

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. కనీసం 40 శాతం అవిటితనం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. పెద్దలకు సర్కారు కొలువుల్లో వాటా ఉంది. ఇది దయ కాదు, హక్కు. దీనికి వికలాంగుల సర్టిఫికెట్ కావాలి.

అక్కలారా! మీ వాడలో ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు ఎవరు? ఈసారి సంఘం మీటింగులో అడగండి.