బ్యాడ్జీని తిప్పి చూడండి

రెజ్యూమేలో హాబీ దగ్గర ‘పాత బ్యాడ్జీల సేకరణ’ అని రాసుకున్నా. ఇంటర్వ్యూలో ఒకాయన వెంటనే పట్టుకున్నారు. ‘ఏది దేనిదో ఎలా గుర్తుపడతావ్?’ నోరు పెగల్లేదు. నా దగ్గరున్నది ఒక్కటే. ఆదోనిలో పాత సామాన్ల కొట్లో వంద రూపాయలకు కొన్న సోవియట్ ఎర్రజెండా బ్యాడ్జీ. యుద్ధవీరుడి పతకమనే అనుకున్నా.

చిప్పగిరికి వచ్చాక దాన్ని తిప్పి చూశా. వెనకాల సన్నటి పిన్ను, పక్కనే అచ్చుగుద్దిన ధర: 20 కొపెక్కులు. పతకం మీద ధర ఎవరు కొడతారండీ!

రష్యన్‌లో వీటిని ‘జ్నచోక్’ అంటారు. ఊళ్లకు, ఒలింపిక్స్‌కు, అంతరిక్ష యాత్రలకు గుర్తుగా చేసి కొట్లలో అమ్మేవారు. 1984లో రాకేశ్ శర్మ సోయుజ్ టీ-11లో వెళ్లిన యాత్రకూ ఉన్నాయి. చాలావరకు తేలికపాటి అల్యూమినియం.

యుద్ధంలో పాల్గొన్నవారికి 1965, 1975, 1985లలో ఇచ్చిన విజయోత్సవ పతకాలు వేరు. రిబ్బన్ చుట్టిన ఐదు మూలల పలకకు వేలాడతాయి. 1943లో మొదలైన గార్డ్స్ బ్యాడ్జీకైతే వెనక పిన్ను బదులు మర, నట్టు. ఇక సీసీసీపీలా కనిపించే అక్షరాలను రష్యన్‌లో ఎస్‌ఎస్‌ఎస్‌ఆర్ అని చదవాలి. అది దేశం పేరే.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. సోవియట్ ప్రభుత్వ పతకాల కొనుగోలు, అమ్మకం రష్యాలో నేరం. మామూలు జ్నచోక్‌లకు ఆ గొడవ లేదు.

తర్వాతి ఇంటర్వ్యూకి ఆ బ్యాడ్జీని జేబులో వేసుకెళ్లా. హాబీ మాట రాగానే తీసి, టేబుల్ మీద బోర్లా పెట్టా.