మానని పుండు - ఆరోగ్య బీమా

కాలిమీది పుండు నెల దాటినను మానకున్నచో దానిని చిన్న గాయముగా తలచరాదు. మధుమేహము ముదిరినవారికి పాదములలో స్పర్శ తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసికొన్నను తెలియదు. రక్తప్రసారము మందగించుటచే ఆ పుండు మానదు. కుష్ఠువలన స్పర్శ పోయిన పాదములకును, రక్తనాళములు ఉబ్బిన కాళ్లకును, మంచము పట్టిన వృద్ధుల నడుమునకును ఇట్టి పుండ్లు కలుగుచుండును. అశ్రద్ధ చేసినచో కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చును.

"కార్డు ఉన్నది గదా" యని పలువురు నిశ్చింతగా ఉందురు. ఆ కార్డు దేనికి చెల్లునో, దేనికి చెల్లదో పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరమని మా అభిప్రాయము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ప్రవేశపెట్టి, అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను ఉచితముగా కల్పించినది. 70 సంవత్సరములు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ 2024లో దీనిని విస్తరింపజేసిరి. ఈ పథకములు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారి కొరకే. కుళ్లిన కండను తొలగించుట, చర్మము అతికించుట, విధిలేనపుడు వ్రేలునో పాదమునో తీసివేయుట మున్నగు శస్త్రచికిత్సలు వీటి క్రిందికి వచ్చును. అయితే ఆ ఆసుపత్రి పథకములో చేరినదై యుండవలెను, అనుమతియు పొందవలెను. అచ్చటి ఆరోగ్యమిత్రను ముందుగా కలిసికొనుట మేలు.

అసలు చిక్కు ఇంటికి వచ్చిన పిమ్మట కలుగును. ఆసుపత్రి విడిచిన తరువాత ఆయుష్మాన్ భారత్ చూచునది 15 దినములు. పుండు మానుటకో నెలలు పట్టును. కట్టు మార్చుట, గాజుగుడ్డ, పట్టణమునకు బస్సు ఛార్జీ, పోయిన కూలి - ఈ వ్యయమంతయు రోగి నెత్తిననే పడును. నడుమ కట్టు మానివేసినవానిని సోమరియని నిందించుటకు ముందు ఈ లెక్క వేసి చూడవలెను. సొంత సొమ్ముతో ప్రైవేటు బీమా తీసికొనువారు ఇంకొకటి గమనింపవలెను. ముందునుండియే ఉన్న మధుమేహమునకు 3 సంవత్సరముల వరకు బీమా వర్తింపకుండ గడువు పెట్టవచ్చును. జబ్బును దాచి పాలసీ తీసికొన్నచో క్లెయిమ్ త్రోసివేయబడు ప్రమాదము కలదు.

ఈ లోటును కొంతవరకు ఊరిలోనే తీర్పవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కట్టు ఉచితముగా కట్టుదురు. కుష్ఠువలన స్పర్శ పోయినవారికి మెత్తని రబ్బరు చెప్పులు ఇచ్చు ఏర్పాటును కలదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకములు సంవత్సరమునకు 10 వేల రూపాయల నిధిని నిర్ణయించినవి. అది సాధారణముగా ఊరందరి పనులకే. అయినను దిక్కులేని స్త్రీకిగాని మిక్కిలి పేద కుటుంబమునకుగాని వైద్యము అందించుటకు వెచ్చింపవచ్చునని అందు మినహాయింపు కలదు. రోగిని కట్టుకొరకు తీసికొనిపోవు బండి కిరాయి ఇట్టిదే గదా! కమిటీ సమావేశములో దీనిని తీర్మానముగా వ్రాయించవలెను.

పుండు నల్లబడినను, దుర్వాసన వచ్చినను, జ్వరము తగిలినను కట్టుతో సరిపెట్టక ఆనాడే 108 వాహనమును పిలిపింపవలెను. వెంట పోవువారు కార్డును, ఆధార్‌ను, పాత మందుల చీటీలను మరువక తీసికొనిపోవలెను.