సెలవుల్లో పిల్ల సేవాసంస్థకి వెళతానంటే



వేసవి సెలవులంటే మన చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరు, ఆవకాయ జాడీలు, మధ్యాహ్నం అష్టాచెమ్మా. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు చాలామంది సెలవుల్లో ఎక్కడో ఒకచోట కొన్ని వారాలు పని నేర్చుకుని రావాలి. దాన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. బ్యాంకో కంపెనీయో అయితే మనకి పేచీ లేదు. "మిషన్‌వాళ్ల కుష్ఠు ఆసుపత్రికి వెళతాను" అంటేనే ఇంట్లో గొడవ. పోయిన వేసవిలో మా మరిదిగారి అమ్మాయి అదే మాట అన్నది. మా అత్తగారికి రెండు భయాలు. పిల్లకి జబ్బు అంటుకుంటుందని ఒకటి, మతం మార్చేస్తారని రెండోది.

మొదటి భయం సంగతి చూద్దాం. కుష్ఠు పాపఫలం కాదు, శాపం కాదు. ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని 1873లోనే నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. చెయ్యి కలిపితేనో, పక్కన కూర్చుని భోంచేస్తేనో అంటుకోదు. మందు వాడని మనిషితో చాలాకాలం దగ్గరగా మెలిగితేనే వచ్చే అవకాశం. అప్పుడు కూడా చాలామంది ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే అంటించే గుణం పోతుంది. రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్సని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో సిఫార్సు చేసింది. జబ్బు స్థాయిని బట్టి ఆరునెలలో, ఏడాదో వాడాలి. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. అలాగని జబ్బు పోయిందనుకోకండి. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే.

మరి ఈ పిల్ల అక్కడ ఏం చేసింది? సూదిమందు ఇవ్వలేదు, కట్టు కట్టలేదు. మొదటివారమంతా నీళ్లతొట్ల దగ్గర కూర్చుంది. ఈ జబ్బులో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. మనం కాలిన గిన్నె ముట్టుకుంటే చటుక్కున వదిలేస్తాం. స్పర్శ పోయిన ఆవిడకి చెయ్యి కాలినట్టే తెలియదు. బొబ్బలెక్కి పుండుపడ్డాక కంటితో చూసుకోవాలి. అందుకే గిన్నెలకి కర్రపిడులు వేయించుకోమంటారు. రోజూ కాళ్లు నీళ్లలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మం గీకి, నూనె రాసి, ఎక్కడైనా పుండు పడిందేమో చూసుకోవడం నేర్పుతారు. మెత్తని రబ్బరు చెప్పులు ఇస్తారు. వేళ్లు తినేసేది జబ్బు కాదమ్మా, చూసుకోకుండా వదిలేసిన పుండ్లు.

రెండోవారం రిజిస్టరు ఇచ్చారు. పేరు, ఊరు, వెంట వచ్చినవారు. మగవాళ్ల వరసలో భార్య, తల్లి, కూతురు అని రాసుకుందట. ఆడవాళ్ల దగ్గర ఆ గడి చాలాచోట్ల ఖాళీ. ఈ మాట చెబుతుంటే మా తోడికోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. నయంకాని కుష్ఠు ఉందని చూపించి విడాకులు అడిగే వీలు మన 1955 నాటి వివాహ చట్టంలోనే ఉండేది. 2019లో గాని దాన్ని తీసెయ్యలేదు. మందు వచ్చి అప్పటికి ఎన్నేళ్లయిందో మీరే లెక్కవేసుకోండి.

ఇక మతం సంగతి. ఇలాంటి చోట్ల పొద్దున్నే ప్రార్థన ఉండడం మామూలే. మా అమ్మాయి మొదటిరోజే, "నేను రావాలా, అక్కర్లేదా?" అని అడిగింది. నీ ఇష్టమన్నారు. ఆ మాట చేరకముందే అడిగి తెలుసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకీ మనశ్శాంతి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ నడిపిన కుష్ఠు ఆసుపత్రి 1915లో మొదలైంది. ఆవిడ మిషన్ మనిషి. కట్టడానికి సొమ్మిచ్చిన నర్సాగౌడ్‌గారు హిందువు. ఒకరి పుణ్యంలో ఇంకొకరికి వాటా ఉండకూడదా?

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. పనివేళలు, పై అధికారి పేరు రాసిన ఉత్తరం తీసుకోవాలి. వసతి ఎక్కడ, రాత్రి తోడు ఎవరు? సేవ అన్న పేరుతో ఇవి అడగడానికి మొహమాటపడకూడదు. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతిచోటా, ఆడవాళ్ల మీద వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక స్త్రీ అధ్యక్షతన కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. జీతం లేకుండా పనిచేసేవాళ్లకీ, శిక్షణకి వచ్చినవాళ్లకీ అది వర్తిస్తుంది.

డబ్బు సంగతీ ముందే తేల్చుకోండి. మా అమ్మాయికి భోజనం, గది ఇచ్చారు, జీతం లేదు. బస్సు ఖర్చులు మా మరిదే పెట్టుకున్నాడు. తిరిగొచ్చిన రోజున అత్తగారు దాని మంచినీళ్ల గ్లాసు విడిగా పెట్టమన్నారు. మా తోడికోడలు పెట్టలేదు.