మీకు తెలుసా? ‘ఆపరేటర్’ అంటే కొందరికి చిన్నతనం!

సిమెంటు ఫ్యాక్టరీ ఊరు బసంత్‌నగర్. చేరువలోనే గోదావరిఖని బొగ్గు బావులు. ఇక్కడ హోదా ఉత్త పిలుపు కాదు. గనిలో సర్దార్‌కైనా, ఓవర్‌మన్‌కైనా పరీక్ష పాసై తెచ్చుకున్న సర్టిఫికెట్ ఉండాల్సిందే. మరి సినిమా హాల్లో బొమ్మ వేసే మనిషి? మన దగ్గర ఆయన ‘ఆపరేటర్’.

అమెరికాలో ఆ పేరు కొందరికి నచ్చలేదు. ఉత్త మిషన్ తిప్పేవాడు అన్నట్టుందని, ‘మూవింగ్ పిక్చర్ వరల్డ్’ పత్రికలో శీర్షిక నడిపిన ఎఫ్.హెచ్. రిచర్డ్‌సన్ లాంటివారు ‘ప్రొజెక్షనిస్ట్’ అనాలని పట్టుబట్టారు.

ఆ పట్టుదలలో న్యాయం ఉంది. రీళ్ల రోజుల్లో కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్‌ను కనిపెట్టుకుంటూ, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఫిల్ము నడపాల్సి వచ్చేది. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోయేది. తెర కుడి పైమూలన చుక్క మెరవగానే తర్వాతి రీలు ఎక్కించిన రెండో మిషన్ మోటారు ఆన్ చేయాలి, మళ్లీ మెరవగానే బొమ్మను దానికి మార్చాలి. మధ్యలో ఉండేది ఏడెనిమిది సెకన్లే! పని బాగా చేస్తే ఎవరికీ తెలియదు, తప్పితేనే హాలంతా ఈలలు.

డిజిటల్ వచ్చాక రీళ్లూ, కార్బన్లూ పోయాయి.